ఫోన్ నిఘా: చట్టం ఏమంటోంది, దళిత ఉద్యమాలకు ఎందుకు పట్టాలి

ఒక అట్రాసిటీ కేసు నిలబడాలంటే ఎన్ని ఫోన్లు మోగాలి! బాధిత కుటుంబం సంఘం నాయకుడికి ఫోన్ చేస్తుంది. ఆయన లాయరుకు చేస్తాడు. లాయరు సాక్షులతో మాట్లాడతాడు. నిజనిర్ధారణ బృందం ఏ రోజు ఊళ్లోకి వెళ్లాలో వాట్సాప్ గ్రూపులో తేల్చుకుంటుంది. సాక్షి ఎక్కడ తలదాచుకుంది, రాజీకి రమ్మని ఎవరు ఒత్తిడి తెస్తున్నారు, ఏ అధికారిని నమ్మకూడదు అన్నవన్నీ ఆ మాటల్లోనే ఉంటాయి. వాటిని వినే శక్తి ప్రభుత్వానికి ఉంది. ఎప్పుడు వినవచ్చు, ఎవరి అనుమతితో వినవచ్చు, అక్రమంగా వింటే అడిగే దారేమిటి అన్నవి కార్యకర్తలు, విద్యార్థులు తెలుసుకోవలసిన విషయాలు.

‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అని కొందరు అంటారు. ఈ దేశంలో నిఘా తప్పు చేసినవాళ్ల మీదే మొదలైందా అన్నది ముందు చూడాలి.

అంబేడ్కర్ అడిగారు, సభ కాదంది

1947 మార్చిలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తరఫున డాక్టర్ అంబేడ్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ అనే వినతిపత్రం తయారు చేశారు. ప్రాథమిక హక్కుల జాబితాలో ఆయన ఒక హక్కును స్పష్టంగా రాశారు. మనిషిని, ఇంటిని, కాగితాలను, వస్తువులను అకారణంగా సోదా చేయకూడదు. సోదా చేయాలంటే తగిన కారణం చూపి వారంటు తీసుకోవాలి. ఆ వారంటులో ఏ చోట వెతకాలో, ఏం స్వాధీనం చేసుకోవాలో ముందే రాసి ఉండాలి.

అదే సమయంలో ప్రాథమిక హక్కుల ఉపసంఘం ఉత్తరాల గోప్యతను కూడా హక్కుగా చేర్చాలని ప్రతిపాదించింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దాన్ని వ్యతిరేకించారు. అలా చేస్తే ప్రతి ప్రైవేటు ఉత్తరానికీ ప్రభుత్వ పత్రం హోదా వస్తుందన్నది ఆయన అభ్యంతరం. ఆ ప్రతిపాదన తుది జాబితాకు ఎక్కలేదు.

1948 డిసెంబర్ 3న కాజీ సయ్యద్ కరీముద్దీన్ రాజ్యాంగ సభలో సోదాలకు సంబంధించిన సవరణ తెచ్చారు. ఈ రక్షణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇప్పటికే ఉన్నా, రేపటి చట్టసభలు దాన్ని తీసేయవచ్చు కాబట్టి వాటి చేతికి అందకుండా రాజ్యాంగంలో పెట్టడం మంచిదని అంబేడ్కర్ అన్నారు. సవరణను అంగీకరించడానికి సిద్ధమన్నారు. ఓటింగు వాయిదా పడింది. చివరికి సభ సవరణను తిరస్కరించింది.

దాని ఫలితం ఆరేళ్లకే కనిపించింది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, సోదా అధికారాన్ని గోప్యత హక్కుతో కట్టడి చేయాలని రాజ్యాంగ నిర్మాతలు అనుకోలేదు కదా అన్నారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చేదాకా 63 ఏళ్లు గడిచాయి.

నిఘాకు కులం ఉంది

ఫోన్లు రాకముందే నిఘా ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టం తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఒక తెగలో పుట్టడమే అనుమానానికి కారణమైంది. పేర్లు నమోదు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి సెటిల్‌మెంటుగానే పుట్టింది. ఎరుకల కుటుంబాలను అక్కడ కాపలా మధ్య ఉంచారు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. దాని స్థానంలోకి ‘అలవాటైన నేరస్థుల’ చట్టాలు వచ్చాయి. స్టేషన్లలో హిస్టరీ షీట్లు మిగిలాయి.

హిస్టరీ షీటు మీద వచ్చిందే ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన అతన్ని ఒక దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేశారు. అయినా షీటు తెరిచి, రాత్రిపూట తలుపు తట్టి లేపేవారు. 1962 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సందర్శనలను కొట్టేసింది. గోప్యత హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదని మెజారిటీ అంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ జె.సి. షాతో కలిసి విభేదించారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమనీ, నీడలా వెంటాడే నిఘా మొత్తం రాజ్యాంగ విరుద్ధమనీ రాశారు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు నిలబెట్టింది ఆ దారినే.

షీట్ల సంగతి ఇంకా ముగియలేదు. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని సొంతంగా ముందుకు తెచ్చింది. వెనుకబడిన, షెడ్యూల్డు కులాల, తెగల అమాయకుల పేర్లు కేవలం పుట్టుక, పేదరికం వల్ల యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న వాదనలను గుర్తించి, పోలీసు విధానాలను సమీక్షించాలని రాష్ట్రాలకు చెప్పింది.

నిఘాకు ఎప్పుడూ ఒక ముద్ర కావాలి. నిన్న ‘నేరస్థ తెగ’, తర్వాత ‘హిస్టరీ షీటర్’, ఇవాళ ‘అర్బన్ నక్సల్’. ముద్ర పడ్డాక మనిషి చేసిన పనిని ఎవరూ అడగరు. ఫోన్ నిఘా చట్టంలోని లోపాలు ముందుగా ముద్ర పడినవాళ్లకే తగులుతాయి.

మూడు రకాల నిఘా

నిఘా అనగానే ట్యాపింగ్ గుర్తొస్తుంది. నిజానికి మూడు వేర్వేరు పనులున్నాయి. మూడింటికీ చట్టం వేరు.

మొదటిది, మాటలు వినడం. టెలికం కంపెనీ ద్వారా మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు పట్టుకుంటారు. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు తప్పనిసరి.

రెండోది, కాల్ డేటా తీసుకోవడం. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి ఫోన్ చేశారన్న వివరం. ఇందులో మాటలుండవు. అయినా ఒక నెల కాల్ డేటా చూస్తే సంఘం నిర్మాణం మొత్తం బయటపడుతుంది. దీన్ని దర్యాప్తులో భాగంగా బీఎన్ఎస్ఎస్ 94 సెక్షన్ లాంటి నిబంధనల కింద అడుగుతారు. ట్యాపింగ్‌కు ఉన్నపాటి ఆంక్షలు కూడా దీనికి లేవు.

మూడోది, ఫోన్‌లోకే చొరబడటం. వాట్సాప్, సిగ్నల్ సందేశాలు దారిలో తాళం వేసి ఉంటాయి కాబట్టి కంపెనీ దగ్గర కూర్చుంటే చదవలేరు. అందుకే స్పైవేర్ పుట్టింది. అది ఫోన్‌లోకి దిగితే సందేశాలు, ఫొటోలు, మైకు, కెమెరా అన్నీ అవతలివాళ్ల చేతిలోకి పోతాయి. పౌరుల ఫోన్లలోకి స్పైవేర్ పంపవచ్చని ఏ చట్టమూ స్పష్టంగా చెప్పలేదు. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడటం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం నేరం.

ట్యాపింగ్‌కు చట్టం పెట్టిన హద్దులు

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 5(2) సెక్షన్ చాలాకాలం దీనికి ఆధారం. ముందు ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజా భద్రత అవసరం గానీ ఉండాలి. ఆ తర్వాత దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపణను అడ్డుకోవడం అనే కారణాల్లో ఒకటి ఉండాలి. రెండు మెట్లూ దాటితేనే వినాలి.

1991లో రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ నివేదిక వివరాలు పత్రికలో వచ్చాయి. పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబర్ 18న కోర్టు ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యతలో భాగమేనని చెప్పి నియమాలు పెట్టింది. ఉత్తర్వు కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఇవ్వాలి. గడువు రెండు నెలలు, పొడిగించినా మొత్తం ఆరు నెలలు మించకూడదు. ప్రతి ఉత్తర్వునూ సమీక్ష కమిటీ చూడాలి. ముందే న్యాయమూర్తి అనుమతి ఉండాలన్న పీయూసీఎల్ వాదనను మాత్రం కోర్టు ఒప్పుకోలేదు.

ఆ నియమాలు 2007లో టెలిగ్రాఫ్ నిబంధన 419ఏగా మారాయి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 20(2) సెక్షన్, 2024 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనలు వాటి స్థానంలో ఉన్నాయి. చట్రం పెద్దగా మారలేదు. 60 రోజుల గడువు, 180 రోజుల పరిమితి అలాగే ఉన్నాయి. తప్పనిసరి పరిస్థితుల్లో రాష్ట్రంలో ఐజీ స్థాయి అధికారి ఉత్తర్వుతో మొదలుపెట్టి, ఏడు పనిదినాల్లో ఆమోదం తెచ్చుకోవచ్చు.

కంప్యూటర్లు, ఇంటర్నెట్ సమాచారానికి ఐటీ చట్టం 69 సెక్షన్ ఉంది. ఇది ఇంకా విశాలం. ప్రజా అత్యవసరం, ప్రజా భద్రత అనే మొదటి మెట్టు ఇందులో లేదు. ‘ఏ నేరం దర్యాప్తుకైనా’ వాడుకోవచ్చు. 2018 డిసెంబర్ 20న కేంద్ర హోం శాఖ ఈ సెక్షన్ కింద ఇంటెలిజెన్స్ బ్యూరో, ఈడీ, ఎన్ఐఏ సహా పది సంస్థలకు అధికారం ఇచ్చింది.

లోపం ఎక్కడుంది

ట్యాపింగ్ అడిగేది పోలీసు. అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి. సమీక్షించేది రాష్ట్రంలోనైతే ప్రధాన కార్యదర్శి నాయకత్వంలోని కార్యదర్శుల కమిటీ. అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు, తప్పొప్పులు చూసేవాళ్లు అందరూ ఒకే ప్రభుత్వ ఉద్యోగులు. న్యాయమూర్తి లేడు, ప్రతిపక్షం లేదు, బయటి మనిషి లేడు.

ఆ సమీక్ష ఎలా ఉంటుందో లెక్క చెబుతుంది. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని 2013 నాటి ఒక సమాచార హక్కు జవాబులో తేలింది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. అంటే ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలి. ఇది అయ్యే పని కాదని 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ కూడా అంది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నా నిమిషానికి 30కి పైగా ఉత్తర్వులు దాటాలి. పేరు చదవడానికే సమయం చాలదు.

అంతకంటే పెద్ద లోపం, మన ఫోన్ విన్నారని మనకు ఎప్పటికీ చెప్పరు. విన్నాక చెప్పాలన్న నియమం లేదు. రికార్డులను గడువు ప్రకారం ధ్వంసం చేయమని నిబంధనలే చెబుతాయి. తన ఫోన్ ట్యాప్ అయిందో లేదో చెప్పమన్న ఒకరి అభ్యర్థన సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ మినహాయింపు కిందికి వస్తుందని ఢిల్లీ హైకోర్టు అంది. తెలియని తప్పు మీద ఎవరు కోర్టుకు వెళ్తారు?

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా ఈ లోటు తీర్చలేదు. దాని 17(2) సెక్షన్, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు భద్రత, శాంతిభద్రతల పేరుతో చట్టం మొత్తం నుంచి మినహాయింపు ఇస్తుంది.

అమెరికాలో 1968 చట్టం ప్రకారం నేర దర్యాప్తులో ట్యాపింగ్‌కు న్యాయమూర్తి ఉత్తర్వు కావాలి. ముగిశాక మామూలుగా 90 రోజుల్లో ఆ మనిషికి చెప్పాలి. బ్రిటన్ 2016 చట్టంలో మంత్రి సంతకంతో పాటు న్యాయ కమిషనర్ ఆమోదం ఉండాలి. అక్కడా దుర్వినియోగం జరిగింది. అయినా ప్రభుత్వం బయటి మనిషికి కారణం చెప్పుకోవలసిన పరిస్థితి ఉంది.

భీమా కోరేగావ్: వినడం దాటి రాసే నిఘా

1818 జనవరి 1న పీష్వా సైన్యాన్ని ఎదిరించిన మహర్ సైనికుల స్మృతి భీమా కోరేగావ్. రెండు వందల ఏళ్ల సందర్భంగా 2018 జనవరి 1న అక్కడ చేరిన దళితుల మీద దాడి జరిగింది. తర్వాత కేసు దిశ మారింది. 16 మంది హక్కుల కార్యకర్తలు, లాయర్లు, రచయితలు, కళాకారులు ఊపా కింద జైలుకెళ్లారు. దళిత లాయరు సురేంద్ర గాడ్లింగ్, సుధీర్ ధావలే, ఆనంద్ తేల్‌తుంబ్డే, హైదరాబాద్ నుంచి వరవరరావు వారిలో ఉన్నారు. తేల్‌తుంబ్డే లొంగిపోయింది 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు. 84 ఏళ్ల స్టాన్ స్వామి విచారణ మొదలవకుండానే 2021 జూలై 5న కస్టడీలో ఉండగా చనిపోయారు.

ఈ కేసుకు ప్రాణం కంప్యూటర్లలో దొరికాయన్న లేఖలు. 2021 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ, నిందితుల లాయర్ల కోరిక మీద రోనా విల్సన్ ల్యాప్‌టాప్ నకలును పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో ఎవరో అందులోకి చొరబడ్డారనీ, 22 నెలలు దాన్ని తమ అదుపులో ఉంచుకున్నారనీ, కేసుకు కీలకమైన పది లేఖలను దాచిన ఫోల్డరులో పెట్టారనీ అది తేల్చింది. వాటిని విల్సన్ ఆ ల్యాప్‌టాప్‌లో తెరిచిన ఆనవాలు లేదంది. గాడ్లింగ్, స్టాన్ స్వామి కంప్యూటర్ల గురించీ తర్వాతి నివేదికలు ఇలాంటి సంగతులే చెప్పాయి. ఈ నివేదికలను ఎన్ఐఏ ఒప్పుకోలేదు. వాటి విలువ తేల్చవలసింది విచారణ కోర్టే. కానీ ఉద్యమాలు ఒకటి గ్రహించాలి. చొరబడినవాడు చదవడంతో ఆగనక్కరలేదు, మన పేరున రాయగలడు కూడా.

ఈ కేసులోని పలువురికి దగ్గరి లాయర్లు, కార్యకర్తలు మరో జాబితాలోనూ కనిపించారు. 2019లో ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ తయారు చేసిన పెగాసస్ స్పైవేర్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1,400 మంది ఫోన్లను లక్ష్యంగా చేసుకున్నారని వాట్సాప్ ప్రకటించింది. భారతదేశంలో 121 మంది ఉన్నట్టు ప్రభుత్వానికి తెలిపింది. తనకు హెచ్చరిక వచ్చిందని తేల్‌తుంబ్డే అప్పుడే చెప్పారు. తమ సరుకు ప్రభుత్వ సంస్థలకే అమ్ముతామని ఎన్ఎస్ఓ అంటుంది.

2021 అక్టోబర్ 27న ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం, దేశభద్రత అన్నంత మాత్రాన కోర్టు నోరు మూసుకోదని చెప్పి, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల కమిటీ వేసింది. కమిటీకి అందిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందనీ, అది పెగాసస్ అని తేలలేదనీ, ప్రభుత్వం సహకరించలేదనీ 2022 ఆగస్టు 25న కోర్టు వెల్లడించింది. పెగాసస్ కొన్నారా లేదా అన్న సూటి ప్రశ్నకు కేంద్రం కోర్టులో సూటి జవాబు ఇవ్వలేదు.

భీమా కోరేగావ్ సోదాలు హైదరాబాద్‌కూ వచ్చాయి. 2018 ఆగస్టు 28న ఇఫ్లూలో దళిత సాహిత్య పరిశోధకుడు ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో పోలీసులు గంటల తరబడి వెతికారు. ఆయన నిందితుడు కాదు, వరవరరావు అల్లుడు. ఇంట్లో దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ పటాలు ఎందుకున్నాయని అడిగారని ఆయన పత్రికలకు చెప్పారు. వెతకాల్సిన వస్తువేమిటో వారంటులో ముందే రాయాలని 1947లో అంబేడ్కర్ కోరింది ఇలాంటి సోదాలను ఆపడానికే.

తెలంగాణ కేసు చెప్పేది

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీసులు నమోదు చేసిన కేసు అందరికీ తెలిసిందే. మావోయిస్టుల కదలికల కోసం ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, గత ప్రభుత్వ కాలంలో ప్రతిపక్ష నాయకుల, వ్యాపారుల, పాత్రికేయుల ఫోన్లు విన్నదన్నది ఆరోపణ. ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, 2023 డిసెంబర్ 4న, హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది మరో ఆరోపణ. మావోయిస్టులకు సాయపడేవాళ్లన్న పేరుతో నంబర్లకు అనుమతులు తీసుకున్నారని దర్యాప్తు బృందం అంటోంది. ఇవి కోర్టులో రుజువు కావాలి.

ఒక సంగతి మాత్రం తీర్పు కోసం ఆగనక్కరలేదు. ఒక ముద్ర పేరుతో యంత్రాంగం కట్టి, దానికి బయటి కాపలా లేకుండా వదిలితే, రేపు ఎవరి మీదికైనా తిప్పవచ్చు. ఆదివాసీ, దళిత, పౌర హక్కుల కార్యకర్తల ఫోన్లు వింటున్నారని ఏళ్ల తరబడి సంఘాలు అన్నప్పుడు అది వార్త కాలేదు. నాయకుల ఫోన్ల దాకా వచ్చాకే కేసైంది.

అంతకుముందు 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు గంజాయి తనిఖీల పేరుతో దారిన పోయేవాళ్లను ఆపి, వాట్సాప్ తెరిపించి వెతికిన వీడియోలు బయటికొచ్చాయి. దానికి ఏ ఉత్తర్వూ లేదు, ఏ కమిటీ సమీక్షా లేదు.

తెలుసుకుని ఉండవలసినవి

- నిర్దిష్టమైన అనుమానం, కేసు లేకుండా దారిన పోయేవారి ఫోన్ తెరిచి చూసే సాధారణ అధికారం పోలీసులకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఏ కేసు, ఏ సెక్షన్ అని మర్యాదగా అడగండి. గొడవకు దిగకుండా పేరు, హోదా, సమయం, చోటు రాసుకోండి.

- సోదా, స్వాధీనాలను ఆడియో, వీడియో రికార్డు చేయాలని బీఎన్ఎస్ఎస్ 105 సెక్షన్ చెబుతుంది. పంచనామా నకలు అడగండి. ఫోన్ ఐఎంఈఐ నంబరు, సిమ్, మెమరీ కార్డు వివరాలు అందులో ఉండాలి.

- హ్యాష్ విలువ అడగండి. అది ఆ రోజు ఫోన్‌లో ఉన్న సమాచారానికి వేలిముద్ర లాంటిది. తర్వాత ఒక్క అక్షరం చేర్చినా మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63 సెక్షన్ ధ్రువపత్రంలోనూ దానికి చోటుంది.

- పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయవచ్చా అన్నదాని మీద కోర్టులు వేర్వేరుగా చెప్పాయి. రాజ్యాంగం 20(3) అధికరణం, అంటే తనకు తాను వ్యతిరేక సాక్ష్యం ఇవ్వనక్కరలేని హక్కు, ఇక్కడ వాదన. లాయరుతో మాట్లాడాకే జవాబివ్వండి.

- చార్జిషీటులో ట్యాప్ చేసిన మాటలుంటే, ఉత్తర్వు నకలు, కారణాలు, సమీక్ష కమిటీ నిర్ణయం అడగాలి. 2019లో బొంబాయి హైకోర్టు వినీత్ కుమార్ కేసులో, 2025 జూలైలో మద్రాసు హైకోర్టు మరో కేసులో, ప్రజా అత్యవసరం, ప్రజా భద్రత లేని ట్యాపింగ్ ఉత్తర్వులను కొట్టేశాయి. అక్రమంగా సేకరించినంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదన్న 1972 మల్కానీ తీర్పు మాత్రం ఎదురుగా ఉంటుంది. అందుకే ఈ అభ్యంతరం మొదట్లోనే లేవనెత్తాలి.

- ఫోన్ మీద దాడి జరిగిందని యాపిల్ లేదా వాట్సాప్ నుంచి హెచ్చరిక వస్తే ఫోన్‌ను వెంటనే రీసెట్ చేయకండి. ఆనవాళ్లు పోతాయి. స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్ వాడకం ఆపి, డిజిటల్ హక్కుల సంస్థల సాయం తీసుకోండి.

- అట్రాసిటీ కేసుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు గోప్యంగా ఉంచమని ఎస్సీ, ఎస్టీ చట్టం 15ఏ సెక్షన్ కింద కోర్టును కోరవచ్చు. ఆ జాగ్రత్త మన వైపు నుంచీ ఉండాలి. బాధితుల నంబర్లు, ఫొటోలు, ఇల్లు తెలిసే వీడియోలు పెద్ద గ్రూపుల్లో పెట్టవద్దు. అవసరం తీరిన సందేశాలు వాటంతటవే పోయేలా పెట్టుకోండి.

ఏం అడగాలి

జాగ్రత్తలు అవసరమే. కానీ మంచి యాప్ వాడినంత మాత్రాన చట్టంలోని లోపం తీరదు. పుట్టస్వామి తీర్పు ప్రకారం గోప్యతలోకి ప్రభుత్వం అడుగుపెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి మించని చర్య ఉండాలి, దుర్వినియోగానికి అడ్డుకట్ట ఉండాలి. ఇప్పటి చట్రంలో నాలుగోదే లేదు.

అందుకే డిమాండ్లు కొత్తవేమీ కావు. వినడానికి ముందు న్యాయమూర్తి అనుమతి. ముగిశాక నిర్ణీత గడువులో ఆ మనిషికి సమాచారం. ఏటా ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, ఎన్ని తిరస్కరించారో చట్టసభల ముందు లెక్క. స్పైవేర్ మీద నిషేధం. అక్రమ నిఘాతో తెచ్చిన సాక్ష్యం చెల్లదన్న స్పష్టమైన నియమం. హిస్టరీ షీట్లపై 2024 నాటి సుప్రీంకోర్టు మాటను మన రెండు రాష్ట్రాల్లో ఎంతవరకు అమలు చేశారో ప్రతి జిల్లాలోనూ సమాచార హక్కు దరఖాస్తు వేసి అడగవచ్చు. ఆ పని విద్యార్థి సంఘాలు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.